తోలుగుడ్డు పెట్టిన కోడిని కోసేయాలా?

ప్రశ్న: మా పెరట్లో ఎనిమిది పెట్టలు, మూడు పుంజులు ఉన్నాయి. పెట్టల్లో ఐదు గ్రామప్రియ రకం. నెల వయసు పిల్లలుగా జూలై మధ్యలో కొన్నాం. మిగతా మూడూ నాటు పెట్టలు, మా ఆడపడుచు ఇచ్చింది. అవీ దాదాపు ఆ ఈడువే. డిసెంబరు మొదటి వారంలో గ్రామప్రియలు గుడ్లు మొదలుపెట్టాయి. మొదటి గుడ్డు నిమ్మకాయంత ఉంది, కొడితే లోపల పచ్చసొనే లేదు. తర్వాత రెండూ బాగానే ఉన్నాయి, ఒకదాని మీద మాత్రం నెత్తుటి చార ఉంది. నాలుగోది పెంకే లేకుండా మెత్తగా తోలుగుడ్డు పెట్టింది. అది ఇంటికి అరిష్టమని, ఆ కోడిని ఉంచొద్దని మా అత్తగారు అంటున్నారు. నాటు పెట్టలు ఇంకా ఒక్క గుడ్డూ పెట్టలేదు, తిండి దండగ, కనుమకు కోసేద్దామని మావారు. అన్నిటికీ కాల్షియం మందు పోయమని పక్కింటివాళ్లు. ఏం చేయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. నాటు పెట్టల్లో ఒకటైతే ఇంటి పట్టున ఉండదు, పొద్దున్నే గోడ దూకి ఎటో పోయి, గంటకు అరుచుకుంటూ వస్తుంది.
– ఒక పాఠకురాలు, రేపల్లె దగ్గరి పల్లె నుంచి

సమాధానం: అమ్మా, ముందు తీర్పు చెప్పేస్తాను, కారణాలు తర్వాత చూద్దాం. ఏ పెట్టనూ కొయ్యొద్దు, ఏ పెట్టనూ అమ్మొద్దు. మందు సీసా జోలికి పోవద్దు. కనుమకు కూర కావాలంటే పుంజులు మూడున్నాయి కదా. ఎనిమిది పెట్టలకు ఒక్క పుంజు చాలు. ఈడొచ్చిన పుంజులు మూడు ఒకే పెరట్లో ఉంటే వాటిలో అవి పొడుచుకోవడం, పెట్టల మీద పడి వీపు ఈకలు ఊడగొట్టడం తప్ప చేసేదేమీ ఉండదు. మీవారికి ఆ దారి చూపించండి. అసలు గుడ్ల కోసమే అయితే ఆ ఒక్క పుంజూ అక్కర్లేదు. పుంజు లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, ఆ గుడ్డు పిల్ల కాదు, అంతే తేడా.

ఇక తోలుగుడ్డు సంగతి. గుడ్డు కోడి కడుపులో ఎలా తయారవుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. పచ్చసొన ముందు పండుతుంది. పండిన సొన ఒక పొడవాటి గొట్టంలోకి జారుతుంది. అక్కడ సుమారు మూడు గంటల్లో తెల్లసొన చుట్టుకుంటుంది. ఆ తర్వాత గంటా గంటంపావులో పలచటి తోలు పొర ఏర్పడుతుంది. అప్పుడు పెంకు పోసే సంచిలోకి చేరి దాదాపు ఇరవై గంటలు అక్కడే ఉంటుంది. మొత్తం కలిపితే 24 నుంచి 26 గంటలు. ఇందులో ఎక్కువ సమయం పెంకుకే పోతుందని గమనించారా? కొత్తగా మొదలుపెట్టిన పెట్టలో ఈ పనులన్నీ ఇంకా ఒక వరసలో పడవు. పెంకు పోసే సంచి సిద్ధం కాకముందే గుడ్డు వచ్చేస్తే, లేదా రాత్రి కుక్క అరుపుకి బెదిరి ముందే వదిలేస్తే, అది తోలుతోనే బయటపడుతుంది. సొన లేని గుడ్డూ ఇలాంటిదే. సొన బదులు చిన్న కండ ముక్కో, కాస్త నెత్తుటి గడ్డో ఆ గొట్టంలోకి జారినా, అది సొనే అనుకుని తెల్లసొన చుట్టుకుంటుంది, పెంకు పడుతుంది. రేపో ఎల్లుండో రెండు సొనల గుడ్డు కూడా రావచ్చు. అప్పుడు అదృష్టం అని పండగ చేసుకోనక్కర్లేదు, రెండు సొనలు ఒకేసారి పండి జారాయి, అంతే. నెత్తుటి చార కూడా మొదటి కాన్పు లాంటి వ్యవహారమే. దారి ఇంకా సాగలేదు కాబట్టి కాస్త గీరుకుంటుంది. రెండు మూడు వారాల్లో ఇవన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. గుడ్డు సైజూ వారం వారం పెరుగుతూ పోతుంది.

అత్తగారితో మాత్రం వాదనకు దిగొద్దు. మా అమ్మమ్మ కూడా తోలుగుడ్డు కనబడితే ఆ పూట మొహం ముడుచుకునేది. ఆ పెట్ట కాలికి ఒక రంగు దారం వదులుగా కట్టండి. పది రోజుల తర్వాత అది పెట్టిన గట్టి గుడ్డును ఆవిడ చేతికే ఇచ్చి, ఆవిడ చేతే అట్టు వేయించండి. తోలుగుడ్డు తినొచ్చా అని మీరు అడగలేదు గానీ చెబుతాను. తోలు చిట్లకుండా, రెట్ట అంటకుండా దొరికితే అదే పూట బాగా ఉడికించి తినొచ్చు. నేల మీద పొర్లినదైతే తినొద్దు. పెంకు లేదు కాబట్టి మురికి లోపలికి చేరడానికి అడ్డేమీ ఉండదు.

అయితే ఒకటి గుర్తుంచుకోండి. మొదటి వారాల్లో ఒకటీ అరా తోలుగుడ్డు వస్తే మామూలే. నెల దాటినా అదే వరస ఉంటే తిండిలో సున్నం చాలడం లేదని అర్థం. అలా కాక ఉన్నట్టుండి నాలుగైదు కోళ్లు ఒకేసారి తోలుగుడ్లు పెట్టి, ముక్కులు కారుతూ, నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ, పచ్చటి రెట్ట వేస్తుంటే కొక్కెర తెగులేమోనని (రాణిఖేత్ అనే అంటురోగం) అనుమానించాలి. అప్పుడు ఆలస్యం చేయకుండా పశువుల ఆసుపత్రికి పరుగెత్తాలి. దానికి ఎనిమిది పది వారాల వయసులో వేయించే టీకా మీ కోళ్లకు వేయించారో లేదో ఉత్తరంలో రాయలేదు. వేయించకపోతే డాక్టరుగారితో మాట్లాడండి. గుడ్లు మొదలయ్యాక ఎప్పుడు, ఏ టీకా వేయాలన్నది ఆయన చెప్పినట్టు చేయండి.

సున్నం అన్నాను కదా, అక్కడ కొంచెం నిలబడదాం. పెరటికోళ్ల విషయంలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, నేనూ చేశాను. ఒక్క గుడ్డు పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం ఉంటుంది. మీరు వేసే నూకలు, తవుడులో అది లేనట్టే లెక్క. మరి ఎక్కడి నుంచి వస్తుంది? మొదటి గుడ్డుకు సుమారు రెండు వారాల ముందు నుంచే పెట్ట తన ఎముకల్లో కాల్షియం దాచుకోవడం మొదలుపెడుతుంది. పెంకుకు తిండి నుంచి చాలనిది ఆ దాపు నుంచి తీస్తుంది. తిండిలో ఏమీ అందకపోతే ఎముకలు కరుగుతాయి, పెట్ట కాళ్ల మీద నిలబడలేని రోజు వస్తుంది. కాబట్టి కాల్షియం కావాలన్న పక్కింటివాళ్ల మాట తప్పు కాదు, సీసాతో గొంతులో పోయమనడమే తప్పు. అలా పోస్తే ఊపిరి గొట్టంలోకి పోయి కోడి అక్కడికక్కడే చచ్చిపోవచ్చు.

మీరు సముద్రానికి దగ్గర్లోనే ఉన్నారు, ఆల్చిప్పలకు కరువు లేదు. వాటిని కడిగి, ఎండబెట్టి, రోట్లో వేసి బియ్యపు నూకంత పలుకులుగా దంచండి. మెత్తటి పొడి చేయొద్దు. పలుకులైతే కోడి కడుపులో మెల్లగా కరుగుతూ రాత్రంతా పెంకుకు అందుతుంటాయి. పెంకు పని ఎక్కువగా జరిగేది రాత్రిళ్లే. ఈ పలుకుల్ని దాణాలో కలపకుండా విడిగా ఒక పగిలిన కుండ పెంకులో పోసి గూటి దగ్గర పెట్టండి. గుడ్డు పెట్టే పెట్ట సాయంత్రం పూట వెతుక్కుంటూ వచ్చి తినిపోతుంది. పెట్టనిది ముట్టుకోదు, పుంజు మొహం తిప్పుకుంటుంది. ఎంత కావాలో వాటికే తెలుసు. ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు కూడా ఇలా వాడొచ్చు. కాకపోతే వేయించి, గుడ్డు పెంకని గుర్తుపట్టలేనంత చిన్నగా నలపాలి. లేదంటే రేపు గూట్లో గుడ్డును చూసి పొడవడం నేర్చుకుంటాయి. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే మాన్పించడం బ్రహ్మప్రళయం.

నేను చేసిన తప్పేమిటో చెప్పలేదు కదూ. మొదటిసారి కోళ్లు పెంచినప్పుడు, తొందరగా గుడ్లకొస్తాయని దాణా కొట్టాయన చెబితే రెండో నెల నుంచే గుడ్లకోళ్ల దాణా పెట్టాను. ఆ దాణాలో నూటికి మూడున్నర నుంచి నాలుగు పాళ్లు కాల్షియం ఉంటుంది. ఎదిగే పిల్లకు కావలసింది ఒక పాలు. మిగిలినదంతా మూత్రపిండాల మీద పడుతుంది. ఆ విడత పదిలో మూడు కోళ్లు గుడ్లకు రాకుండానే కూలబడి పోయాయి. తొందర కొద్దీ పెట్టిన తిండే వాటికి విషమైంది. మీ గ్రామప్రియలు ఇప్పుడు గుడ్లకొచ్చాయి కాబట్టి వాటికి ఆ దాణా పెట్టొచ్చు. కొనలేకపోయినా ఫర్వాలేదు, పెరట్లో తిరిగే కోళ్లకు ఆల్చిప్పల పలుకులతో సరిపోతుంది.

నూకలు, తవుడు మాత్రమే వేస్తుంటే మాంసకృత్తులు చాలవు. కోడి పెంటకుప్ప గీరుకుని పురుగూ పుట్రా తింటుంది కాబట్టి సగం లోటు అదే పూడ్చుకుంటుంది. మిగతా సగానికి గుప్పెడు వేరుశనగ చెక్క, ఉప్పు పట్టించని ఎండు చేపల పొట్టు, చెదలు పట్టిన కట్టె దొరికితే దాన్ని తెచ్చి విదిలించడం, తొట్టిలో పెంచిన అజొల్లా అనే నీటి మొక్క, ఏది వీలైతే అది. చెక్క బూజు పట్టిందేమో తప్పకుండా చూడండి. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న కోడి కాలేయాన్ని తినేస్తాయి. పత్తిగింజల చెక్క ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా తీసుకోవద్దు, దానివల్ల పచ్చసొన రంగు మారి ఆకుపచ్చగా తేలుతుంది. అప్పుడు మీ అత్తగారిని ఆపడం నా వల్ల కాదు. మిగిలిపోయిన ఆవకాయ అన్నం కూడా వేయొద్దు, ఉప్పు కోళ్లకు పడదు. నీళ్లు మాత్రం ఒక్క పూట కూడా ఎండిపోకూడదు. గుడ్డులో ముప్పాతిక వంతు నీళ్లే మరి.

మీవారి నాటు పెట్టల దగ్గరికి వద్దాం. ఆయన పోలికే తప్పు. గ్రామప్రియ అనేది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో, పెరట్లో పెంచుకుంటూ గుడ్లు తీసుకోవడానికే తయారుచేసిన రకం. 160–165 రోజులకు గుడ్లకొస్తుంది. మీ లెక్క ప్రకారం జూన్ మధ్యలో పుట్టాయి, డిసెంబరు మొదటి వారానికి 170 రోజులు దాటాయి. సరిగ్గా వేళకే వచ్చాయన్నమాట. ఏడాదికి 150కి తగ్గకుండా పెడతాయి. నాటు పెట్ట ఆరు నెలలు నిండాకే మొదలుపెడుతుంది. ఏడెనిమిది నెలలు పట్టినా వింత కాదు. పెట్టేదీ ఏడాదికి యాభై అరవై. పది పదిహేను పెట్టి, పొదుగుకు కూర్చుని, పిల్లల్ని తిప్పుకుని, మళ్లీ మొదలుపెడుతుంది. ఈ లెక్క చూస్తే మీవారు నిజమే కదా, దండగే కదా అంటారు. ఆయన చూడనిది ఇంకొకటుంది. గ్రామప్రియ దాదాపుగా పొదుగుకు కూర్చోదు. గుడ్లు ఎక్కువ పెట్టాలంటే పొదుగు గుణం తగ్గాలి, అందుకని ఆ గుణం తగ్గించే ఈ రకాన్ని తయారుచేశారు. అంటే మీ పెరట్లో రేపు పిల్లల్ని చేయగలిగినవి ఆ మూడు నాటు పెట్టలే. ఇరవై ఒక్క రోజులు తిండీ తిప్పలూ మాని కూర్చుని, గద్ద నీడ పడితే రెక్కల కింద దాచి, పిల్లకు మేత చూపించే తల్లి మీకు బజార్లో దొరకదు. వాటిని కూర చేసుకుంటే ప్రతిసారీ పిల్లల్ని కొనుక్కోవాల్సిందే. గ్రామప్రియ గుడ్లు నాటు పెట్ట కింద పొదగేయొచ్చా అంటే వేయొచ్చు, పిల్లలవుతాయి. కానీ ఆ పిల్లలు తల్లంత గుడ్లు పెట్టవు, అది సంకర రకం కాబట్టి. నాటు గుడ్లు పొదగేసుకోవడమే మేలు. ఒక్కో పెట్ట కింద పది పన్నెండుకు మించొద్దు.

పైగా ఇప్పుడున్న నెల చూడండి. కోడికి గుడ్డు పెట్టమని చెప్పేది వెలుతురు. పగలు పెరుగుతుంటే ఒళ్లు గుడ్లకు సిద్ధమవుతుంది, తగ్గుతుంటే వెనకాడుతుంది. మన వైపు జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు ఉంటే, డిసెంబరు మూడో వారానికి 11 గంటలకు దిగుతుంది. గ్రామప్రియ లాంటివి అది లెక్కచేయకుండా పెట్టేస్తాయి. నాటువి లెక్కచేస్తాయి. పంచాంగం ఉత్తరాయణాన్ని సంక్రాంతికి చెబుతుంది గానీ కోడి లెక్కలో అది డిసెంబరు 22కే మొదలవుతుంది. ఆ రోజు దాటాక పగలు నిమిషం నిమిషం పెరుగుతుంది. మీవారు ముహూర్తం పెట్టిన కనుమ నాటికి నాటు పెట్టల తురాయిలు ఎర్రబారడం మొదలవుతుంది. సరిగ్గా గుడ్లకొచ్చే వారంలో కోసేద్దామంటున్నారన్నమాట. గూట్లో లైటు పెట్టి తొందరపెట్టే పద్ధతి ఒకటుంది, గుడ్ల ఫారాల్లో పగలూ లైటూ కలిపి 14 నుంచి 16 గంటలు వచ్చేలా చూస్తారు. ఎనిమిది కోళ్లకు ఆ హడావుడి ఎందుకు? పెట్టాలనే ఉంటే తెల్లవారుజామున వెలిగేలా పెట్టండి, సాయంత్రం వద్దు. రాత్రి ఠక్కున లైటు ఆరితే కోళ్లు చీకట్లో దండె మీదికి ఎక్కలేక నేల మీదే ఉండిపోతాయి.

ఏ పెట్ట దగ్గర పడిందో మీరే చూసి చెప్పొచ్చు. తురాయి లేత గులాబీ నుంచి నెత్తురు రంగుకు తిరుగుతుంది. మీరు వంగి చేయి చాపితే పారిపోకుండా రెక్కలు కాస్త విప్పి నేలకు అణిగి కూర్చుంటుంది. మూలమూలలూ తొంగి చూస్తూ గొణుగుతూ తిరుగుతుంది. రాత్రి దండె మీద ఉన్నప్పుడు మెల్లగా పట్టుకుని తోక కింద తడిమితే రెండు సన్నటి ఎముకలు తగులుతాయి. వాటి మధ్య ఒక వేలే పడితే ఇంకా టైముంది. రెండు మూడు వేళ్లు పడితే నేడో రేపో. మూడు నాటు పెట్టల్నీ ఇలా ఒకసారి చూసి, ఆ వేళ్ల లెక్క మీవారికి చెప్పండి.

పెట్టే చోటు గురించి రెండు ముక్కలు. అడుగు వెడల్పు, అడుగు లోతు ఉన్న పాత గంపైనా, వెదురు బుట్టైనా, పక్కకు పడుకోబెట్టిన కుండైనా సరే. నలుగురూ తిరగని, వెలుతురు తక్కువ ఉండే మూల చూసి, అడుగున కాస్త బూడిద చల్లి, దాని మీద ఎండుగడ్డి మెత్తగా పరవండి. బూడిద కోడిపేలకు మందు. నాలుగు పెట్టలకు ఒక గంప చొప్పున మీకు రెండు చాలు. వాటిలో ఒక్కో గుడ్డు ఎప్పుడూ ఉంచండి, నిజం గుడ్డు కాకపోతే ప్లాస్టిక్‌దైనా సరే. కోడి గుడ్డున్న చోటే గుడ్డు పెడుతుంది. నిజం గుడ్డైతే పెన్సిలుతో గుర్తు పెట్టి రెండు మూడు రోజులకొకసారి మార్చండి. మిగతావి మధ్యాహ్నంలోపే తీసేయండి, జెర్రిపోతుకు మీకంటే ముందే తెలుస్తుంది. తీసిన గుడ్లు వెంటనే కడగొద్దు. పెంకు మీద కంటికి కనిపించని పలచటి పూత ఉంటుంది, కడిగితే పోతుంది. వాడే ముందు కడుక్కోండి చాలు.

తెగులు కాక భయపడాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. ఏదైనా పెట్ట తోక కిందికి వాల్చి, నిటారుగా నిలబడి, మాటిమాటికీ ముక్కుతూ, మేత ముట్టకుండా ఉంటే గుడ్డు అడ్డం పడిందని అర్థం. గోరువెచ్చటి నీళ్ల బేసిన్‌లో నడుం దాకా మునిగేలా పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, చీకటిగా ఉన్న చోట వదలండి. చాలాసార్లు గంట రెండు గంటల్లో పెట్టేస్తుంది. చేత్తో నొక్కి బయటికి తీయాలని చూడొద్దు, గుడ్డు లోపల పగిలితే కోడి దక్కదు. ఆ పూటకు పెట్టకపోతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. గుడ్డుతో పాటు ఎర్రటి కండ బయటికొచ్చినా అంతే, వెంటనే మిగతా కోళ్ల నుంచి విడదీయండి. ఎరుపు కనబడితే అవి పొడిచి చంపేస్తాయి.

అన్నట్టు, ఉత్తరం చివర మీరు యథాలాపంగా రాసిన వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నాటు పెట్ట పొద్దున్నే గోడ దూకి ఎటో పోయి, గంటకు అరుచుకుంటూ వస్తుందన్నారు. అమ్మా, ఆ అరుపు ఎలాంటిదో చెవి పెట్టి వినండి. కొ కొ కొ కొక్కోక్ అని ఊరంతా వినబడేలా అరుస్తుంటే అది షికారుకు పోయి రావడం లేదు, గుడ్డు పెట్టి వస్తోంది. మీ ఇంట్లో గంప లేదు కాబట్టి దాని చోటు అది చూసుకుంది. ఒక నాటు పెట్ట పెట్టడం మానేసిందని నేను నెల రోజులు తిట్టుకున్నాక, గడ్డివాము పక్క నుంచి తీస్తుంటే పదకొండు గుడ్లు దొరికాయి. రేపు పొద్దున్న దాని వెనకే దూరంగా నడవండి. పక్కవాళ్ల గడ్డివామో, అరటి పిలకల మధ్యో, కట్టెల మోపు వెనకో చూడండి. దొరికిన గుడ్లను నీళ్ల గిన్నెలో వేయండి. అడుగున పడుకున్నవి తాజావి, ఒక కొన మీద నిలబడినవి పాతబడ్డవి, పైకి తేలినవి పారేయాల్సినవి. అన్నీ ఒకేసారి తెచ్చేయకండి, ఒకటి అక్కడే వదిలి, మూడు నాలుగు రోజుల్లో ఆ గుడ్డుతో పాటు అక్కడి గడ్డి కూడా కొంచెం మీ గంపలోకి మార్చండి. మీవారిని కూడా వెంట తీసుకెళ్లండి, గుడ్లు ఆయన చేత్తోనే లెక్కపెట్టనివ్వండి.